తెర, టీచరు, మన పిల్లలు: బడిలో బాలల చిత్రాల చరిత్ర

ఆశ్రమ పాఠశాలల్లో సినిమాకు ఇంతకాలం దక్కింది కాలక్షేపం చోటే. ఆదివారం సాయంత్రం పిల్లలు అల్లరి చేయకుండా ఉండడానికి ఒక సినిమా. పంద్రాగస్టున జెండా వందనం అయ్యాక ఒక సినిమా. టీచర్లు మండల కేంద్రానికి మీటింగుకు పోయిన రోజు ఇంకొక సినిమా. దాన్ని ఎవరు తీశారు, ఏ భాషలో తీశారు, ఎవరి పిల్లలను మనసులో పెట్టుకొని తీశారు అని అడిగే అలవాటు మన బడుల్లో లేదు. పాఠ్యపుస్తకంలో తప్పు కనబడితే ఉత్తరాలు రాస్తాం, సంఘంలో మాట్లాడతాం. పిల్లలు రెండున్నర గంటలు కళ్ళార్పకుండా చూసిన సినిమాలో తప్పు ఉంటే మాత్రం నవ్వుకొని లేచిపోతాం.

ఇప్పుడు చాలా బడులకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. ఇంట్లో అన్న చేతిలో ఫోను ఉంది. బొమ్మ చూపించడం ఇంత సులువు ఎన్నడూ కాలేదు. అయితే తెర వచ్చినంత మాత్రాన చదువు రాదని చెప్పే చరిత్ర మన దేశంలోనూ ఉంది, బయటి దేశాల్లోనూ ఉంది. ఆ చరిత్రను గూడెం వైపు నుంచి ఒకసారి చూద్దాం. మన టీచర్లకూ, చదువుకున్న మన యువకులకూ పనికొచ్చేది అందులోనుంచి ఏరుకుందాం.

బొమ్మ పక్కన మనిషి

బొమ్మలు చూపి పిల్లలకు కథ చెప్పడం మనకు సినిమాతో వచ్చింది కాదు. కోయల దగ్గర పడిగె ఉంది. గుడ్డ మీద ఆ గట్టు వాళ్ళ పుట్టుక, వలస, యుద్ధం, వేల్పుల కథ బొమ్మలుగా కుట్టి ఉంటాయి. డోలి వాళ్ళు దాన్ని విప్పి, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ పాడతారు. గోండుల ఇళ్ళకు ప్రధాన్‌లు కిక్రి పట్టుకొని వచ్చి, ఆ సగ వాళ్ళ పూర్వుల కథ రాత్రంతా పాడతారు. సవరల ఇంటి గోడ మీద గీసిన బొమ్మలకు కూడా అర్థం చెప్పే పెద్దమనిషి ఒకరు ఉంటారు.

ఈ పద్ధతులలో మనం గమనించవలసినవి మూడు ఉన్నాయి. బొమ్మ ఒంటరిగా ఉండదు, పక్కన చెప్పే మనిషి ఉంటాడు. చెప్పేది వినేవాళ్ళ భాషలోనే, వాళ్ళ వంశం కథనే. పిల్లలు మధ్యలో ఊ కొడతారు, అడుగుతారు, చెప్పేవాడు ఆగి జవాబు చెబుతాడు. ఒకే కథ ఏటేటా విన్నా విసుగు రాదు, ఎందుకంటే వినే పిల్లవాడు ఏటేటా పెద్దవాడవుతాడు, అడిగే ప్రశ్న మారుతుంది.

సినిమా కూడా మొదట్లో ఇలాగే ఉండేది. మూకీ చిత్రాల కాలంలో జపానులో బెన్షీ అనే కథకుడు తెర పక్కన నిలబడి బొమ్మకు మాట ఇచ్చేవాడు. టాకీలు వచ్చాక ఆ మనిషితో పని లేకపోయింది. మన దేశంలో 1931లో 'ఆలం ఆరా'తో తెర తానే మాట్లాడడం మొదలుపెట్టింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కథకు కేంద్రం ఒక పిల్లవాడే. కానీ పిల్లవాడి గురించి సినిమా తీయడం వేరు, పిల్లల కోసం తీయడం వేరు. ఈ రెండో పని మన దేశంలో ఇంకా పాతికేళ్ళు ఆగింది.

1955: పిల్లలకు ఒక సంస్థ

పిల్లలకు వాళ్ళవైన సినిమాలు ఉండాలన్న నెహ్రూ కోరికతో 1955 మే నెలలో బాలల చలనచిత్ర సంస్థ ఏర్పడింది. హృదయనాథ్ కుంజ్రూ తొలి అధ్యక్షుడు. కేదార్ శర్మ తీసిన 'జల్‌దీప్' ఆ సంస్థ తొలి చిత్రం. అది 1957లో వెనిస్ ఉత్సవంలో బాలల చిత్రంగా బహుమతి తెచ్చుకుంది. ఆ తరువాత దశాబ్దాలపాటు ఈ సంస్థ పిల్లల చిత్రాలు తీసింది, కొన్నిటిని ప్రాంతీయ భాషల్లోకి మార్చింది, బడుల్లో ప్రదర్శనలు ఏర్పాటు చేసింది.

ఆ చిత్రాల్లో మనకు బాగా దగ్గరది 1975లో శ్యామ్ బెనెగల్ తీసిన 'చరణ్‌దాస్ చోర్'. నిజమే చెబుతానని గురువుకు మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడిన దొంగ కథ ఇది. రాజస్థానీ జానపద కథను హబీబ్ తన్వీర్ నాటకంగా మలిచాడు. అందులో వేషాలు కట్టింది ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నాచా ఆడే కళాకారులు. బస్తర్ సరిహద్దుకు ఇవతల ఉన్న మన పిల్లలకు ఆ మొహాలు, ఆ డప్పు, ఆ ఆట పరాయివి అనిపించవు. పల్లె కళాకారుల ఆటను వాళ్ళ చేతనే ఆడించి పిల్లలకు సినిమాగా ఇవ్వవచ్చని చూపిన చిత్రం అది.

అయితే ఇలాంటి చిత్రాలు గూడెం బడి దాకా రావాలంటే 16 ఎం.ఎం. ప్రొజెక్టరు కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి, కరెంటో జనరేటరో కావాలి, జీపు పోయే దారి కావాలి. ఏజెన్సీలో ఈ నాలుగూ ఒకచోట కలిసిన రోజులు తక్కువ. ప్రభుత్వ ప్రచార వ్యాను వచ్చి తెల్లగుడ్డ కట్టి బొమ్మ వేస్తే, అది కుటుంబ నియంత్రణ మీదో ఎరువుల మీదో ఉండేది. పిల్లలు దానినే ముందు వరుసలో కూర్చొని చూసేవాళ్ళు.

1979లో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం మొదలైంది. స్వర్ణ గజం దాని బహుమతి. తరువాతి కాలంలో హైదరాబాదు దానికి స్థిరమైన వేదిక అయింది. ప్రపంచంలో పిల్లల కోసం తీసిన మంచి చిత్రాలు మన రాజధానికే వచ్చి ఆడి వెళ్ళాయి. ఉట్నూరు, ఏటూరునాగారం, పాడేరు, సీతంపేట బడుల్లో ఆ వార్త పేపరులో చదివిన టీచర్లు ఉండవచ్చు. ఆ చిత్రాలను తమ తరగతికి తెచ్చుకునే దారి మాత్రం వారికి ఎవరూ చూపలేదు. 2022లో బాలల చిత్ర సంస్థను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. పిల్లల సినిమాకు ప్రత్యేకంగా ఒక ఇల్లు అంటూ ఉన్న కాలం అలా ముగిసింది.

ఆకాశం నుంచి వచ్చిన పాఠం

దారి లేని పల్లెకు కూడా బొమ్మ చేర్చాలని మన దేశం చేసిన పెద్ద ప్రయత్నం 1975లో జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. దీన్ని సైట్ ప్రయోగం అంటారు. పల్లెలో ఇనుప జల్లెడతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా, దాని కింద ఒక టీవీ. కరెంటు లేని చోట బ్యాటరీతో నడిపారు. పొద్దున పూట 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు బడిలో కార్యక్రమాలు. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరు రాష్ట్రాల్లో ఒకటి. తెలుగు కార్యక్రమాలు తయారైన కేంద్రం హైదరాబాదు.

ఒక దేశం ఉపగ్రహం వాడుకొని నేరుగా పల్లె బడికి పాఠం పంపడం ప్రపంచానికే కొత్త. ఈ గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ కార్యక్రమాలు ఎన్ని భాషల్లో వచ్చాయో చూడండి. హిందీ, ఒరియా, కన్నడం, తెలుగు. నాలుగే. ఆ 2,400 పల్లెల్లో ఒడిశాలోని ఫుల్బనీ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. అది కుయి మాట్లాడే కంధుల నేల. మన కువి భాషకు అక్కచెల్లెలి వరస ఆ భాష. ఆ పిల్లలకు ఆకాశం నుంచి బొమ్మ వచ్చింది, మాట మాత్రం పొరుగువాళ్ళది వచ్చింది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ వెతకనక్కర లేదు. భాష అంటే రాష్ట్ర భాషే అన్న అలవాటు అది. ఆ అలవాటుకు ముందే మన ప్రాంతంలో ఒక మినహాయింపు ఉంది. కొమరం భీం మరణం తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన హైమండార్ఫ్ ఆదిలాబాదు గోండుల మధ్య ఉండి పని చేశాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. గోండి భాషలో, నాగరి లిపిలో, వాచకాలు అచ్చయ్యాయి. అంటే ఉపగ్రహానికి ముప్పై ఏళ్ళ ముందే, కరెంటు లేని ఒక గూడెంలో, పిల్లవాడి భాషలో మొదటి పాఠం చెప్పడం సాధ్యమైంది. అదే హైమండార్ఫ్ మన జీవితాన్ని 16 ఎం.ఎం. ఫిల్ములో కూడా తీశాడు. ఆ చిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థ భాండాగారంలో ఉన్నాయి. మన తాతల దండారి, మన సంతలు, మన పొలాలు తెరకు ఎక్కాయి. వాటిని మన పిల్లలు తరగతిలో చూసే రోజు రావాలని అడగడం మన హక్కు.

సైట్ తరువాత ఇన్సాట్ వచ్చింది, హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ వచ్చింది, దూరదర్శన్‌లో బడి కార్యక్రమాలు వచ్చాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలై, వాచకాలు వచ్చాయి. తరువాత 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు సప్తగిరి, యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు వచ్చాయి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన పిల్లల సంగతి మనకు తెలుసు. టీవీ ఉన్న ఇంట్లో కూడా ఒకటో తరగతి పిల్లవాడికి ఆ మాట అర్థం కాకపోవడం గురించి మాత్రం ఎక్కువమంది మాట్లాడలేదు. యేర్ అని పిలిచే నీళ్ళను నీళ్ళు అనడం నేర్పే మనిషి ఆ తెరలో లేడు. ఆ మనిషి తెర ఇవతల ఉండాలి.

ఇరాన్: నోటుబుక్కు, భాష

బాలల చిత్రం బడికి ఎలా దగ్గర కావాలో తెలుసుకోవడానికి మనం ఇరాన్ వైపు చూడాలి. అక్కడ 1965లో పిల్లల, యువకుల వికాసం కోసం ఒక సంస్థ పెట్టారు. పొడిగా 'కానూన్' అంటారు. మొదట అది గ్రంథాలయాల సంస్థ. ఊరూరా పుస్తకాలు పంపేది. తరువాత అందులో సినిమా విభాగం వచ్చింది. అబ్బాస్ కియరోస్తమీ తన తొలి చిన్న చిత్రం 'రొట్టె, సందు' 1970లో అక్కడే తీశాడు. పిల్లలకు పుస్తకం ఇచ్చే చెయ్యే సినిమా కూడా ఇచ్చింది కాబట్టి ఆ చిత్రాలకు చదువుతో చుట్టరికం ఉంది.

1975లో ఆయన తీసిన 'ఒక సమస్యకు రెండు పరిష్కారాలు' ఐదు నిమిషాల చిత్రం. దారా, నాదిర్ ఇద్దరు పిల్లలు. దారా తిరిగి ఇచ్చిన నాదిర్ నోటుబుక్కు చిరిగి ఉంది. మొదటి పరిష్కారంలో ఒకడు చింపితే ఇంకొకడు విరుస్తాడు, అలా పోట్లాట దాకా పోతుంది. రెండో పరిష్కారంలో చిరిగినదాన్ని అతికించుకుంటారు, స్నేహం నిలుస్తుంది. ఉపదేశం ఏమీ లేదు, రెండు దారులు పక్కపక్కన పెట్టారు. రెండో తరగతి పిల్లవాడికి మాట రాకపోయినా ఈ చిత్రం అర్థమవుతుంది.

1987లో వచ్చిన 'స్నేహితుడి ఇల్లు ఎక్కడ' కూడా నోటుబుక్కు కథే. కోకెర్ అనే ఊళ్ళో అహ్మద్ పొరపాటున స్నేహితుడి నోటుబుక్కు ఇంటికి తెస్తాడు. ఈసారి నోటుబుక్కులో హోంవర్క్ లేకపోతే బడిలోనుంచి పంపేస్తానని ఆ స్నేహితుడిని మాస్టారు బెదిరించి ఉన్నాడు. దాన్ని తిరిగి ఇవ్వడానికి అహ్మద్ గుట్ట దాటి పక్క ఊరికి పరిగెత్తుతాడు. పెద్దవాళ్ళు ఎవరూ అతని మాట చెవిన పెట్టరు. గుట్ట దాటి బడికి పోయే మన పిల్లలకు ఆ పరుగు ఎవరూ వివరించనక్కర లేదు. ఈ సినిమా పిల్లల కంటే ముందు టీచర్లు చూడాలి.

మనకు మరీ ముఖ్యమైనది బహ్రామ్ బైజాయ్ తీసిన 'బాషూ'. ఇదీ కానూన్ చిత్రమే. 1980లలో తయారై, 1989లో విడుదలైంది. ఇరాన్ దక్షిణాన యుద్ధంలో ఇల్లూ తల్లిదండ్రులూ పోయిన బాషూ అనే పిల్లవాడు ఒక లారీలో దాక్కొని, తెలియకుండానే దేశం ఉత్తరపు కొసకు చేరతాడు. అతను మాట్లాడేది అరబ్బీ. అతన్ని చేరదీసిన నాయీ అనే రైతు స్త్రీ మాట్లాడేది గీలకీ. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అతని నల్లని రంగు చూసి ఊరివాళ్ళు ఏవగించుకుంటారు. కడిగితే పోతుందేమో అని నాయీ కూడా ఒకసారి అతన్ని నీళ్ళలో రుద్దుతుంది. ఊరి పిల్లలు ఏడిపిస్తుండగా, ఒకనాడు బాషూ కింద పడి ఉన్న బడి వాచకం తీసి ఫారసీలో గట్టిగా చదువుతాడు. పిల్లలంతా నోరు తెరుచుకొని చూస్తారు. వాళ్ళూ బడిలో చదివే భాష అదే మరి.

ఈ సన్నివేశాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. వాచక భాష వేర్వేరు భాషల పిల్లల మధ్య వంతెన అయింది అన్నది ఒకటి. గోండు పిల్లవాడు, సవర పిల్లవాడు కలిస్తే తెలుగులోనే కదా మాట్లాడుకుంటారు. రెండోది మనం మరిచిపోకూడనిది. వాచకం చదవకముందు కూడా బాషూ మనిషే, అతనికి భాష ఉంది, పాట ఉంది, కన్నీళ్ళు ఉన్నాయి. ఆ పిల్లలకు అది కనబడలేదు. నాయీకి కనబడింది, ఎందుకంటే ఆమె అన్నం పెట్టింది, ఆ తరువాతే మాట కలిపింది. ఒకటో తరగతిలో చేరిన మన పిల్లవాడు ఆరు నెలలు నోరు విప్పకపోతే మొద్దు అని ముద్ర వేసే టీచరుకు ఈ సినిమా చూపిస్తే చాలు, వేరే శిక్షణ అక్కరలేదు.

హాస్టల్ నుంచి ఇంటికి

కెనడాలో మూలవాసుల పిల్లలను ఇళ్ళనుంచి వేరు చేసి, వసతి బడుల్లో పెట్టి, వాళ్ళ భాష మాన్పించిన చరిత్ర పెద్దది. 2008లో ఆ దేశపు ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. అంతకు చాలా ముందే, 1971లో, అబెనాకి తెగ స్త్రీ అలానిస్ ఒబొమ్సావిన్ జాతీయ ఫిల్మ్ బోర్డు తరఫున 'క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ' అనే పదమూడు నిమిషాల చిత్రం తీసింది. జేమ్స్ అఖాతం దగ్గర ఒక వసతి బడిలో ఉన్న క్రీ తెగ పిల్లలు రంగు క్రేయాన్లతో వేసిన బొమ్మలే ఆ చిత్రంలో దృశ్యాలు. వాళ్ళ గొంతులే మాటలు. కెమెరా చేసిన పని ఆ బొమ్మల మీద నెమ్మదిగా నడవడమే. సినిమా తీయకముందు ఆమె బడుల్లో పాటలు పాడి కథలు చెప్పే మనిషి. తరువాతా ఆమె మూలవాసుల జీవితం గురించి తరగతి గదిలో వాడుకోవడానికి బొమ్మల, మాటల పెట్టెలు తయారు చేసింది. మన డోలి వాళ్ళ పనిని ఆమె ఫిల్ముతో చేసింది అనుకోవచ్చు.

ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి కథే. 2002లో వచ్చిన 'రాబిట్-ప్రూఫ్ ఫెన్స్' 1931లో జరిగిన సంగతి ఆధారంగా తీసినది. మాలీ, డైసీ, గ్రేసీ అనే ముగ్గురు ఆదివాసీ బాలికలను తల్లుల దగ్గరనుంచి లాక్కుపోయి దూరపు శిబిరంలో పెడతారు. వాళ్ళు పారిపోయి, కుందేళ్ళను ఆపడానికి కట్టిన కంచె వెంట నడుస్తారు. నడవవలసింది 2,400 కిలోమీటర్లు. గ్రేసీ దారిలో పట్టుబడుతుంది. మాలీ, డైసీ ఇల్లు చేరతారు. ఈ కథను పుస్తకంగా రాసింది మాలీ కూతురు డోరిస్ పిల్కింగ్టన్.

మన ఆశ్రమ పాఠశాలలు ఆ శిబిరాల వంటివి కావు. మన తల్లిదండ్రులు తామే పిల్లలను తెచ్చి చేర్చారు, మనలో చాలామందికి ఆ హాస్టల్ అన్నమే చదువు పెట్టింది. అయినా ప్రతి ఏడూ జూన్‌లో చేరిన చిన్నపిల్లలు కొందరు జూలై నాటికి గోడ దూకి, వాగులు దాటి ఇంటికి నడిచిపోతారు. రిజిస్టరులో అది డ్రాపౌట్ అని పడుతుంది. వాడు ఎందుకు నడిచాడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఎవరు గంజి పోశారు అన్నది ఏ రిజిస్టరులోనూ పడదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ చిత్రం చూపించి, నువ్వు ఎప్పుడైనా ఇంటికి నడిచావా అని అడిగితే వచ్చే జవాబులే ఒక పుస్తకం అవుతాయి. ఆ జవాబులు విన్న వార్డెన్ తరువాతి జూన్‌లో కొత్త పిల్లలను వేరే విధంగా చూస్తాడు.

తెలుగు తెరమీద మనం

మన పిల్లలు ఎక్కువగా చూసేది పైన చెప్పిన చిత్రాలు కావు, తెలుగు వాణిజ్య చిత్రాలు. అందులో మనం ఎలా ఉన్నాం? ఈకలు, ఆకులు కట్టుకొని అర్థం లేని మాటలతో హీరో చుట్టూ గంతులు వేసే గుంపుగా ఉన్నాం. వచ్చీరాని తెలుగులో జోస్యం చెప్పి నవ్వించే కోయదొరగా ఉన్నాం. తరగతిలో ఆ సన్నివేశానికి అందరితోపాటు మన పిల్లవాడూ నవ్వుతాడు. తరువాత పట్నం కాలేజీలో చేరినప్పుడు తోటివాళ్ళు అదే గొంతుతో వాణ్ణి పలకరిస్తారు. అప్పుడు నవ్వు రాదు.

మన చరిత్ర మీద వచ్చిన చిత్రాలు కూడా ఉన్నాయి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చింతపల్లి ప్రాంతంలోనే తీశారు. 1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం పోరాటాన్ని లక్షల మందికి తెలియజేసింది ఈ చిత్రమే. దాన్ని తరగతిలో వేసేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగాలి. రాజు వెంట ఉన్న గాం గంటందొర, మల్లుదొరల ఊళ్ళలో ఆ పోరాటానికి ముందు ఏమి జరిగింది? పోడు ఆపిన అటవీ చట్టాలు, రోడ్డు పనిలో కూలీ దోపిడి తెలిస్తేనే ఆ తిరుగుబాటు అర్థమవుతుంది. నాయకుడు ఒక్కడు వస్తే పోరాటం పుట్టదు.

1990లో అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం' చిత్రం హాళ్ళకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2022లో 'ఆర్.ఆర్.ఆర్' వచ్చాక భీం పేరు ప్రపంచమంతా వినబడింది. అది పిల్లల చిత్రం కాదు, అయినా మన పిల్లలు ఎక్కువసార్లు చూసిన చిత్రాల్లో అదొకటి. దాని కథ మల్లి అనే గోండు చిన్నారిని దొరలు ఎత్తుకుపోవడంతో మొదలవుతుంది. సినిమా భీం 1920లో ఢిల్లీలో బ్రిటిష్ గవర్నరుతో పోరాడతాడు, రాజుతో స్నేహం చేస్తాడు. చరిత్రలో భీం పోరాడింది నిజాం ప్రభుత్వంతో, జోడేఘాట్ గుట్టల్లో, పన్నెండు గూడేల భూమి కోసం, అడవి కోసం. 1940లో అక్కడే నేలకొరిగాడు. రాజు 1924లోనే చనిపోయాడు. సినిమా కల్పన అని తీసినవాళ్ళే చెప్పుకున్నారు. కల్పనకు కోపం తెచ్చుకోనక్కర లేదు. కానీ మన పిల్లవాడికి కల్పన ఒక్కటే తెలిసి, జోడేఘాట్ తెలియకపోతే ఆ నష్టం మనది. నల్లబల్ల మీద రెండు గళ్ళు గీసి, ఒకదానిలో సినిమా భీం, ఇంకొకదానిలో జోడేఘాట్ భీం గురించి పిల్లల చేత రాయిస్తే చరిత్ర పాఠానికి ఇంతకు మించిన మొదలు లేదు.

తరగతిలో ఎలా వాడాలి

ఈ చరిత్రలోనుంచి టీచరుకు పనికొచ్చే మాటలు కొన్ని తీసుకోవచ్చు.

ముందు టీచరు ఒంటరిగా సినిమా మొత్తం చూడాలి. ఏ పాఠం కోసం, ఏ తరగతికి, ఎన్ని నిమిషాలు అన్నది నిర్ణయించుకోవాలి. పూర్తి సినిమా వేయనక్కర లేదు. ఒక పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. పది నిమిషాల బొమ్మ, ముప్పై అయిదు నిమిషాల మాట మంచి లెక్క. చిన్న తరగతులకు ఐదారు నిమిషాల చిత్రాలే సరిపోతాయి.

రెండోది, ఆపడం. డోలి వాళ్ళు పడిగె మీద వేలు పెట్టి ఆగినట్టు టీచరు బొమ్మ ఆపాలి. ఇప్పుడు ఏమవుతుంది, నువ్వైతే ఏమి చేస్తావు అని అడగాలి. మొదటిసారి శబ్దం తీసేసి చూపించవచ్చు. అప్పుడు ప్రతి పిల్లవాడూ తన భాషలోనే బొమ్మకు మాట ఇస్తాడు. గోండి వచ్చిన పిల్లలు గోండిలో, కోయ పిల్లలు కోయలో చెప్పాక రెండోసారి శబ్దంతో చూపించి, అవే మాటలను తెలుగులో పోల్చుకోవచ్చు. తెలుగు నేర్చుకోవడానికి కూడా ఇది మంచి దారి, ఎందుకంటే అర్థం ముందే తెలిసిన మాట త్వరగా నాలుకకు పడుతుంది. టీచరుకు ఆ భాష రాకపోతే సిగ్గు పడనక్కర లేదు. పిల్లల దగ్గర నేర్చుకొంటున్న టీచరును పిల్లలు ఎక్కువ గౌరవిస్తారు.

మూడోది, బొమ్మ అయ్యాక చేయి పని చేయాలి. చూసిన దాన్ని గీయడం, ఆడి చూపించడం, ఇంట్లో అవ్వను అడిగి రావడం. సినిమాలో అడవి కనబడితే, మన అడవిలో ఏ చెట్లు ఉన్నాయి, అందులో లేనివి ఏవి అని రాయించడం. సినిమాలో ఆదివాసీ కనబడితే, వాడి బట్ట, మాట, ఇల్లు మనవా అని అడగడం. చిన్నప్పుడే ఈ ప్రశ్న అలవాటైన పిల్లవాడిని పెద్దయ్యాక ఏ తెరా సులువుగా మోసం చేయలేదు.

నాలుగోది, కొన్ని జాగ్రత్తలు. కొట్లాట, రక్తం, తల్లిదండ్రుల మరణం ఉన్న దృశ్యాలు ఇల్లు వదిలి హాస్టల్లో ఉన్న చిన్నపిల్లలకు రాత్రి నిద్ర పట్టనివ్వవు. ఆ వయసుకు తగినదే వేయాలి. చూశాక ఏడ్చిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడాలి. సినిమా వేసి టీచరు బయటికి పోతే అది పాఠం కాదు. పరీక్షల సిలబస్ ఒత్తిడి ఉందని మాకు తెలుసు. నెలకు రెండు పీరియడ్లు చాలు. భాషలో ఒకటి, సాంఘిక శాస్త్రంలో ఒకటి.

మన చేతి బొమ్మ

ఇంతవరకు ఎదుటివాళ్ళు తీసినవి ఎలా చూడాలో మాట్లాడుకున్నాం. అసలు పని మనం తీయడం. ఝార్ఖండ్‌లో కుడుఖ్ సమాజం నుంచి వచ్చిన బిజు టొప్పో, మేఘనాథ్‌తో కలిసి అఖ్రా పేరుతో ఏళ్ళ తరబడి ఆదివాసీ జీవితం మీద డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు. పెద్ద స్టూడియోలు లేకుండానే ఆ పని జరిగింది. మూస్ ఫ్యాక్టరీ చిత్రానికి కావలసి వచ్చింది పిల్లల బొమ్మలు, పిల్లల గొంతులు. అవి ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఉన్నాయి. ఫోను ఉన్న ఒక యువకుడు, ఓపిక ఉన్న ఒక టీచరు, కథ తెలిసిన ఒక అవ్వ కలిస్తే ఐదు నిమిషాల కొలామి చిత్రమో, సవర చిత్రమో తయారవుతుంది. పిల్లలు బొమ్మలు వేస్తారు, అవ్వ చెబుతుంది, యువకుడు తీస్తాడు, టీచరు తరగతిలో వేస్తాడు.

ఎనిమిది భాషల వాచకాలు అటక మీద దుమ్ము పట్టిన బడులు మనకు తెలుసు. ఆ వాచకాల్లో ఒక్కొక్క కథ ఇలా బొమ్మై కదిలితే అవి మళ్ళీ కిందికి దిగుతాయి. ఐటీడీఏలను, విద్యాశాఖను అడగవలసినవి అడుగుదాం. లండన్‌లో ఉన్న మన తాతల ఫిల్ము ప్రతులు అడుగుదాం, మంచి బాలల చిత్రాలను మన భాషల్లోకి మార్చమని అడుగుదాం. అడుగుతూనే మన పని మొదలుపెడదాం. పడిగె కుట్టిన చేతులు ఎవరి అనుమతీ అడగలేదు. తమ పిల్లలకు తమ కథ తెలియాలని కుట్టాయి. ఇప్పుడు ఆ పని మన చేతుల్లోకి వచ్చింది.